చేతికి రావాల్సిన చదువు

గుంటూరులోని ఒక డిగ్రీ కాలేజీలో సెకండియర్ క్లాసులు మొదలైన వారంలో, రిటైరైన కెమిస్ట్రీ అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకి రండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. నా గొంతు వెనకదాకా వినపడుతుందిగానీ, బోర్డు మీద నేను గీసే బాణాలు చిన్నవి. దగ్గరుంటేనే కనపడతాయి.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది దగ్గర పెన్సిల్ ఉంది? పెన్ను కాదు, పెన్సిల్. చేతులెత్తండి. ఒకటి, రెండు... ఏడుగురు. సరే. పెన్ను ఎంతమంది దగ్గరుంది? అందరి దగ్గరా ఉంది. నేను ఇవాళ మాట్లాడబోయేదంతా ఆ తేడా గురించే. పెన్ను ఎప్పుడు తీస్తాం? బోర్డు మీద ఉన్నది నోట్సులోకి దించుకునేటప్పుడు. పెన్సిల్ ఎప్పుడు తీస్తాం? తప్పు గీస్తామేమోనని అనుమానం ఉన్నప్పుడు. గీసి, చూసి, చెరిపి, మళ్లీ గీసేటప్పుడు. సెకండియర్ కెమిస్ట్రీ ఆ రెండో పద్ధతిలోనే వస్తుంది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంకో పద్ధతిలో వచ్చినవాళ్లని నేను చూడలేదు.

ఇంటర్లో మీరెట్లా చదివారో నాకు తెలుసు. పొద్దున చీకటితో స్టడీ అవర్, రాత్రి పదిదాకా స్టడీ అవర్, ఆదివారం వస్తే టెస్టు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పుట్టిన పిల్లలకి ఆ రెండేళ్లంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చదువుని నేను తక్కువ చేయను. మీకు అలవాటైన వేగం, గంటల తరబడి కదలకుండా కూర్చునే ఓపిక, ఇవన్నీ అక్కడ వచ్చినవే. కానీ అక్కడ జవాబు ఎప్పుడూ మీ కళ్లముందే ఉంది. నాలుగు ఆప్షన్లలో ఒకటిగా ఉంది. మీ పని దాన్ని గుర్తుపట్టడం. దారిన పోయే మనిషిని చూసి ఫలానా ఆయన అని గుర్తుపట్టడం వేరు కదా, కళ్లు మూసుకుని ఆయన ముఖం కాగితం మీద గీయడం వేరు కదా? డిగ్రీలో మీ ముందుండేది తెల్లకాగితం.

చూద్దాం. ప్రొపీన్‌కి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపాం. ఏం వస్తుంది? గట్టిగా చెప్పండి. 2-బ్రోమోప్రొపేన్. కరెక్ట్. అందరూ చెప్పారు, సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. ఎందుకు?

ఆ మూలనుంచి వినపడింది, 'మార్కోవ్నికాఫ్ నియమం మేడమ్' అని. ఆ జవాబు కోసమే అడిగాను. నియమం చెప్పావు నాన్నా, కారణం చెప్పలేదు. మార్కోవ్నికాఫ్ ఆ నియమం చెప్పింది 1870 ప్రాంతంలో. ఎలక్ట్రాన్ అనేది ఒకటి ఉందని థామ్సన్ చూపించింది 1897లో. అంటే ఆయన నియమం చెప్పేనాటికి ఎలక్ట్రాన్ సంగతే లోకానికి తెలియదు. ఆయన చర్యలు చేశాడు, వచ్చిన పదార్థాలు చూశాడు, హైడ్రోజన్లు ఎక్కువ ఉన్న కార్బన్‌కే ఇంకో హైడ్రోజన్ వెళ్తోందని గమనించి రాశాడు. ఆయనకది గొప్ప పని. కానీ మనకి ఎలక్ట్రాన్ తెలుసు. తెలిసి కూడా ఆయన ఆగినచోటే మనమూ ఆగిపోతే ఎట్లా?

గీద్దాం. ప్రొపీన్‌లోని ద్విబంధంలో ఎలక్ట్రాన్లు ఉన్నాయి, వదులుగా ఉన్నాయి. హైడ్రోజన్ బ్రోమైడ్‌లో హైడ్రోజన్ కొంచెం ధనావేశంతో ఉంది. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణంతో చూపిస్తాం. ఆ బాణం ఎక్కడ మొదలవుతుంది? ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలవుతుంది. ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్నచోటే. హైడ్రోజన్ నుంచి బాణం మొదలుపెట్టిన పేపర్లు నేను వందలు దిద్దాను. ద్విబంధం మధ్యనుంచి హైడ్రోజన్‌కి గీయండి. హైడ్రోజన్ చివరి కార్బన్‌కి చేరితే ధనావేశం మధ్య కార్బన్ మీద పడుతుంది. మధ్య కార్బన్‌కి చేరితే చివరి దాని మీద పడుతుంది. మధ్య కార్బన్‌కి రెండు పక్కలా మిథైల్ సమూహాలున్నాయి, రెండూ కాస్త కాస్త ఎలక్ట్రాన్లు సర్దుతాయి. కష్టం వచ్చిన ఇంటికి రెండు పక్కలా అయినవాళ్లున్నట్టు. చివరి కార్బన్‌కి ఒక పక్కే అండ. అందుకని ధనావేశం మధ్యలో నిలుస్తుంది, బ్రోమైడ్ వచ్చి అక్కడ కూర్చుంటుంది. నియమం దానంతటదే వచ్చేసింది.

ఇప్పుడు చిన్న మార్పు. ప్రొపీన్‌లో మిథైల్ సమూహం ఉంది చూశారా, అందులో మూడు హైడ్రోజన్లు తీసేసి మూడు ఫ్లోరిన్లు పెడదాం. ఫ్లోరిన్ ఎట్లాంటిదో మీకు తెలుసు, ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునేవాటిలో దాన్ని మించింది లేదు. ఇప్పుడు మధ్య కార్బన్ మీద ధనావేశం నిలుస్తుందా? పక్కింటివాళ్లు సర్దడం మానేసి ఉన్నది కూడా లాక్కుపోతున్నారు. నిలవదు. చివరి కార్బన్‌కే పోతుంది. హాలోజన్ వచ్చి చివర చేరుతుంది. బట్టీపట్టినవాళ్లు ఇక్కడ తప్పు రాస్తారు, బాణం గీసినవాళ్లు తప్పు రాయలేరు. పోనీ, పెరాక్సైడ్ వేస్తే తలకిందులవుతుందని ఇంకో నియమం చదివారు కదా, 1933లో ఖరాష్ తేల్చింది? అక్కడా కారణం ఇదే. అది రాడికల్ చర్య, ముందు ఎక్కేది బ్రోమిన్. మిగిలే ఒంటరి ఎలక్ట్రాన్‌కి కూడా మధ్య కార్బనే నయం, అందుకని బ్రోమిన్ చివర చేరుతుంది. మీ నోట్సులో రెండు నియమాలు, రెండు పేజీలు. లోపలున్న ఆలోచన ఒక్కటే.

ఇంకోటి చూద్దాం. ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2. కార్బన్ మీదున్న ఒక సమూహం పోయి దాని చోట ఇంకోటి చేరే రెండు దారులు. ఈ పేర్లు వినగానే ముఖాలు మారుతున్నాయి. మీలో విజయవాడనుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లు ఎవరు? నువ్వా తల్లీ? నీకు సీటు దొరుకుతుందా? నిలబడే వస్తావు. బస్సు నిండా ఉంది, ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఆయన దిగితేగాని నీకు సీటు లేదు. ఆయన లేవడానికి ఎంత సేపు తీసుకుంటే అంత సేపు. ఆయన చుట్టూ పదిమంది నిలబడ్డా అంతే, ముప్ఫైమంది నిలబడ్డా అంతే. సీటు చేతులు మారే వేగం కూర్చున్నాయన మీదే ఆధారపడి ఉంది. ఇది ఎస్‌ఎన్1. ఇప్పుడు చెప్పండి, రేటు సమీకరణంలో న్యూక్లియోఫైల్, అంటే ఎలక్ట్రాన్లతో వచ్చి చేరేది, దాని గాఢత ఎందుకు కనపడదు? నిలబడ్డవాళ్ల లెక్క అక్కడ పనికిరాదు కాబట్టి. ఇంటర్లో మీరు దీన్ని ప్రథమ క్రమాంక చర్య అని రాసి మార్కులు తెచ్చుకున్నారు. అర్థం ఇదీ.

ఎస్‌ఎన్2 అట్లా కాదు. అక్కడ వచ్చేవాడు వెనకనుంచి తోస్తుంటేనే ఉన్నవాడు ముందునుంచి కదులుతాడు. రెండూ ఒకేసారి జరగాలి. అందుకని ఇద్దరి లెక్కా రేటులోకి వస్తుంది. మరి వెనకవైపు దారి మూసుకుపోతే? తృతీయ బ్యూటైల్ బ్రోమైడ్ గీయండి. కార్బన్ చుట్టూ మూడు మిథైల్ సమూహాలు. మిర్చి బస్తాలు అడ్డంగా వేసినట్టు ఉంటాయి. వెనకనుంచి వచ్చేవాడికి సందు లేదు. కాబట్టి అది ఎస్‌ఎన్2 దారిలో పోదు. మిథైల్ బ్రోమైడ్‌కి అడ్డమే లేదు, హాయిగా పోతుంది. బొమ్మ గీసి చూస్తే పట్టిక గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇక ఆకృతి తిరగబడటం. ఇది చెప్పడానికే ఇంట్లోనుంచి ఇది తెచ్చాను. ఏమిటిది? అంట్లు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్, కాస్త మందంగా ఉంటుంది. ఆసుపత్రుల్లో వాడే పలచటిది కాదు, అది ఏ చేతికైనా పడుతుంది. ఇది ఎడమ చేతిది. చూడండి, కుడి చేతికి వేసుకుంటున్నా... బొటనవేలు ఎటో పోతోంది, పట్టడం లేదు. ఇప్పుడు దీన్ని మొత్తం తిరగేస్తాను. లోపలిది బయటకి. వేళ్లు ఒక్కొక్కటీ లాగాలి, ఆగండి... అయింది. ఇప్పుడు కుడి చేతికి వేస్తున్నా. పట్టిందా లేదా? సరిగ్గా పట్టింది. ఇది అందరికీ చూపించండమ్మా, చేతులు మార్చుకుంటూ మీరూ వేసుకుని చూడండి. రబ్బరు అదే, ముక్క పోలేదు, ముక్క కలపలేదు. ఎడమది కుడిదయింది. 1896లో వాల్డెన్ చూసింది ఇదే. కాంతిని ఒకవైపు తిప్పే పదార్థాన్ని తీసుకుని, ఒక సమూహం తీసి ఇంకోటి పెట్టి, మళ్లీ మొదటిది పెడితే, అది కాంతిని రెండోవైపు తిప్పుతోంది. మధ్యలో ఎక్కడో తిరగబడింది. ఎక్కడ తిరగబడిందో తేలడానికి ఇంగోల్డ్, హ్యూస్ వచ్చేదాకా, అంటే 1930లదాకా పట్టింది. న్యూక్లియోఫైల్ వెనకనుంచి వస్తే మిగతా మూడు బంధాలూ ఇటునుంచి అటు ఒరిగిపోతాయి. గ్లవ్ తిరగేసినట్టు. వాళ్లకి నలభై ఏళ్లు పట్టిన విషయం మీకు ఒక గంటలో రావాలని నేను అనను. రెండు మూడు వారాలు పట్టనివ్వండి. కానీ ఆ రెండు మూడు వారాలూ గీస్తూ ఉండండి.

ఎట్లా గీయాలి? నేను చేయించిన పద్ధతి చెప్తాను. క్లాసులో విన్న చర్యని ఆ సాయంత్రమే, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయండి. ఎలక్ట్రాన్లు ఎవరిస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు వెళ్లిపోతున్నారు, ఈ మూడే అడగండి. ఆగిపోతారు. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టి, అప్పుడు పుస్తకం తెరవండి. మొదటి వారం ప్రతి చోటా ఆగిపోతారు, భయపడొద్దు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూశాక ఏం మిగిలిందన్నదే అసలు సంగతి. పరీక్ష ముందురోజు రాత్రి గైడు తెచ్చుకుని ఇంపార్టెంట్ ప్రశ్నలు చదివితే పాసవుతారు, అది నాకూ తెలుసు. కానీ థర్డియర్‌లో కార్బొనైల్ చర్యలు వచ్చినప్పుడు మళ్లీ మొదటికొస్తారు. ఈ బాణాలే అక్కడా ఉంటాయి.

ఒక మాట అడగాలనుకుని మొహమాటపడుతున్న పిల్లలు ఇక్కడ ఉంటారు, అందుకని నేనే చెప్తాను. పదోతరగతిదాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు అంతా ఇంగ్లీషులో రాయాల్సి వచ్చి, కెమిస్ట్రీ రావడం లేదా, ఇంగ్లీషు రావడం లేదా అని తేల్చుకోలేక నలిగిపోతున్నవాళ్లు. నేనూ తెలుగులోనే చదువుకున్నాను. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ప్రమేయ సమూహం, ద్రవీభవన స్థానం, ఉష్ణగతిక శాస్త్రం అని చదివినదాన్ని. తర్వాత ఇంగ్లీషులో పాఠం చెప్పాను. ఆలోచన మీ భాషలోనే చేయండి. పక్కనున్న స్నేహితురాలికి తెలుగులోనే వివరించండి. ఆ తర్వాత రాసేటప్పుడు ఇంగ్లీషు మాటలు పెట్టండి, అవి వందో నూటయాభయ్యో ఉంటాయి, నెలలో వచ్చేస్తాయి. బాణం గీయడానికి ఏ భాషా అక్కర్లేదు. తెలుగులో గీసినా అదే బాణం.

ఇప్పుడు ఫిజికల్ కెమిస్ట్రీ. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు. సమీకరణం కనపడగానే బట్టీ మొదలుపెడతారు. ఒక్క సమీకరణం మన ఊరి సరుకుతో చూద్దాం.

మిర్చి యార్డుకి ఎప్పుడైనా వెళ్లారా? మీ నాన్నగారితో బస్తాలు వేసుకుని వెళ్లినవాళ్లు ఉంటారు. కాయ ధర దేని మీద పలుకుతుంది? ఘాటు ఒకటి, రంగు ఒకటి. ఘాటుకి కారణం క్యాప్సైసిన్. ఎరుపుకి ప్రధాన కారణం క్యాప్సాంథిన్, అది వేరే పదార్థం, కెరోటినాయిడ్ కుటుంబంలోది. దాని అణువులో ద్విబంధం, ఏకబంధం, ద్విబంధం, ఏకబంధం, అట్లా పొడుగ్గా ఉంటుంది. ఆ వరసే రంగునిస్తుంది, ఆ వరసే గాలిలో ఆక్సిజన్‌కి లోకువ కూడా. ఆక్సీకరణం జరిగి వరస తెగినకొద్దీ కాయ తెల్లబడుతుంది. రైతు దగ్గర సరుకుంది, ధర లేదు, ఆగాలి. ఎండాకాలం వచ్చేసింది. ఏం చేస్తాడు? కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయి? వేడి పెరిగితే చర్య వేగం ఎంత పెరుగుతుందో చెప్పే అర్హీనియస్ సమీకరణం మన ఊళ్లో గోడలు కట్టుకుని నిలబడింది, అందుకు.

లెక్క వేద్దాం. ఒక చర్య ఉత్తేజిత శక్తి, అంటే చర్య జరగడానికి దాటాల్సిన గట్టు, మోల్‌కి 50 కిలోజౌళ్లు అనుకోండి. 25 డిగ్రీలనుంచి 35కి వెళ్తే రేటు ఎంత పెరుగుతుంది? కెల్విన్‌లోకి మార్చండి, 298, 308. ఘాతంలో వచ్చేది సుమారు 0.65. దాని ఎక్స్‌పొనెన్షియల్ సుమారు 1.9. అంటే దాదాపు రెండింతలు. పది డిగ్రీలకి రేటు రెట్టింపు అని మీరు బట్టీపట్టిన వాక్యం ఇక్కడినుంచి వచ్చింది. ఉత్తేజిత శక్తి మారితే ఆ రెండు కూడా మారుతుంది, అది మర్చిపోవద్దు. ఇప్పుడు బయట 35, లోపల 5 అనుకుంటే ముప్ఫై డిగ్రీల తేడా. రెండు, నాలుగు, ఎనిమిది. బయట ఒక నెలలో పోయే రంగు లోపల పోవడానికి ఎనిమిది నెలలు. నిజం కాయలో తేమ ఉంటుంది, వెలుతురు తగులుతుంది, ఇంత శుభ్రంగా రాదు లెక్క. కానీ రైతు బస్తాకి అద్దె కట్టి కొనుక్కుంటున్నది ఈ ఎనిమిదినే. ఇంత తెలిశాక ఆ సమీకరణం మర్చిపోతారా?

ఇక ల్యాబ్. ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

నేను డిగ్రీ చదివిన కాలేజీ పేరు చెప్పను. అక్కడ బ్యూరెట్లలో, అంటే ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టాల్లో, సగం కారేవి. నాకు వచ్చింది కారేదే. మొదటి రెండుసార్లు అడిగాను, మార్చలేదు. మూడోసారినుంచి అడగడం మానేసి పక్కమ్మాయి రీడింగులు చూసి వేసుకోవడం మొదలుపెట్టాను. 9.8, 9.8, 9.9. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఆ 9.9. రికార్డు మీద సంతకం పడింది, మార్కులూ పడ్డాయి. ఎవరూ పట్టుకోలేదు. తర్వాత పీజీలో చేరాను. మొదటి వారం, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్. ఫినాఫ్తలీన్ వేశాను, క్షారం కాస్త ఎక్కువవగానే గులాబీ రంగు చూపే సూచిక అది. లేత గులాబీ రాగానే ఆపాలని నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. కానీ ఎంత లేత? అది నా కంటికి తెలియదు. శంఖాకార ఫ్లాస్కు నిండా ముదురు గులాబీ చేసి పట్టుకెళ్లాను. మా సార్ దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసి, ఏమీ అనలేదు. ఫ్లాస్కు కడిగి నా చేతికిచ్చి మళ్లీ చేయమన్నారు. ఆ రోజు పదకొండుసార్లు చేశాను. కింద తెల్ల టైలు పెట్టి, చుక్క చుక్కగా. చివరి చుక్క పడి, ఫ్లాస్కు తిప్పితే పోకుండా ముప్ఫై సెకన్లు నిలిచే ఆ గులాబీ ఉంటుంది చూడండి, అనుమానమేమో అనిపించేంత పలచన. అది మాటల్లో చెప్పలేను. మీరు చూడాల్సిందే. బ్యూరెట్ కారినా నేను పట్టుబట్టి మార్పించుకోవాల్సింది, రెండేళ్లు పోగొట్టుకున్నాను. మీ బ్యూరెట్ కారితే అడగండి. మార్చేదాకా అడగండి. ఇక్కడున్న అధ్యాపకులకి కూడా నా విన్నపం ఇదే, పిల్లలకి నిజంగానే తేడాగా వచ్చిన రీడింగుకి మార్కులు కోయకండి. నిజంగా వచ్చింది రాస్తే, ఎందుకట్లా వచ్చిందని అడగండి.

ఈ సంవత్సరం మీరు ఎసిటనిలైడ్ అనే పదార్థం తయారుచేస్తారు. మొదట వచ్చేది మురికి పొడి. దాన్ని వేడి నీళ్లలో కరిగించి స్ఫటికీకరణం చేయాలి. వంద మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో 5 గ్రాములు దాకా కరుగుతుంది, చల్లటి నీళ్లలో అర గ్రాము. ఆ తేడాయే మీ పనిముట్టు. తొందరపడి నీళ్లు ఎక్కువ పోస్తే ఎంత చల్లార్చినా స్ఫటికాలు రావు. వేడిగా వడకట్టిన ద్రావణాన్ని ఐసులో పెట్టేయకండి, బల్ల మీద కదపకుండా వదిలేయండి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత ఎక్కడో ఒక మూల తళుక్కుమంటుంది. దానిమీంచి ఇంకోటి. పలచటి రేకులు, అభ్రకం ముక్కల్లాంటివి, బీకరంతా నింపేస్తాయి. ఆరబెట్టి ద్రవీభవన స్థానం చూడండి. 114 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగిందా, శుభ్రంగా ఉంది. 105 దగ్గర మెత్తబడటం మొదలై నెమ్మదిగా సాగిందా, ఇంకా మురికి ఉంది, లేదా తడి ఆరలేదు. అప్పుడు రికార్డులో 114 అని రాయకండి. 105 అని రాసి మళ్లీ స్ఫటికీకరణం చేయండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకందరికీ తెలుసు. ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించింది ఏమిటి? ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. మాలిబ్డేట్‌తో చర్య జరిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉందో కొలిస్తే ఫాస్ఫేట్ ఎంతో తెలుస్తుంది. అంతే. మీ ల్యాబ్‌లో మీరు చేసే కలరిమెట్రీ లాంటిదే. ఆ కొలత చేతిలో ఉంది కాబట్టి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది, రెండూ కణాలు శక్తి దాచుకునే ఫాస్ఫేట్ పదార్థాలు. ముందు కొలవడం వచ్చింది, తర్వాత కనుక్కోవడం వచ్చింది.

ల్యాబ్ వారానికి ఒక్కరోజే కదా మేడమ్ అంటారు. ఇంట్లో పసుపు లేదా? హారతిచ్చేటప్పుడు ఎర్రనీళ్లు కలుపుతారు కదా, ఏం వేస్తారు? పసుపు, సున్నం. దుగ్గిరాల పసుపు పచ్చగా ఉంది, సున్నం తెల్లగా ఉంది, నీళ్లు ఎర్రబడ్డాయి. ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? కర్క్యుమిన్‌లో ఫీనాల్ సమూహాలున్నాయి. సున్నం వాటి ప్రోటాన్ లాక్కుంటుంది, ఎలక్ట్రాన్లు అణువంతా ఇంకా స్వేచ్ఛగా పరుచుకుంటాయి, పీల్చుకునే కాంతి మారిపోతుంది. అందులో నిమ్మరసం పిండండి, మళ్లీ పసుపు. ఈ రాత్రికి చేసి చూడండి. చేసి, కర్క్యుమిన్ నిర్మాణం పుస్తకంలో చూసి, ప్రోటాన్ పోయాక ఎలక్ట్రాన్లు ఎటు వెళ్తాయో బాణాలు గీయండి. నాలుగైదు బాణాలు వస్తాయి. ఎవరికైనా మొత్తం వస్తే మీ మేడమ్‌కి చూపించండి, ఫొటో తీసి నాకు పంపిస్తారు.

టైమెంతయింది? పావుగంట ఉంది, చాలు. అమ్మా, ఆ తెల్లకాగితాలు పంచండి. పెన్సిళ్లు కూడా తెచ్చాను, డబ్బా అక్కడుంది, వెనక్కి ఇవ్వక్కర్లేదు. అందరికీ వచ్చిందా? హైడ్రాక్సైడ్, మిథైల్ బ్రోమైడ్. ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయో చూసుకుని మొదటి బాణం గీయండి. పక్కవాళ్లది చూడొద్దు. నేను బెంచీల మధ్య తిరుగుతుంటాను, ఆగిపోయినవాళ్లు చెయ్యెత్తండి.